డప్పు విన్న చెవులకు ఎలక్ట్రానిక్ సంగీతం

పోయిన వార్షికోత్సవం నాడు భోజనాలయ్యాక పూర్వ విద్యార్థులమంతా వరండాలో కూర్చుని పాత ముచ్చట్లు చెప్పుకుంటున్నాం. ఇంటర్ చదువుతున్న తమ్ముడొకడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “అన్నా, మీరు పాటలు బాగ వింటరట గదా. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే డీజేనేనా? కొత్తగ వినేటోళ్లు ఏ ఆల్బములు వినాలె?” అని అడిగాడు. అంతమందిలో నా తెలివి చూపించుకోవాలని ఒక కఠినమైన ఇంగ్లండు ఆల్బమ్ పేరు చెప్పి, సెల్లులో వెతుక్కొమ్మన్నాను. వారం తర్వాత ఫోన్ చేశాడు. “మూడు నిమిషాలు విన్న అన్నా. ఫ్యాను బేరింగు పోయినట్టు ఇనవడ్డది. అది మనసుంటోళ్లకు గాదేమో” అన్నాడు.

బేరింగు మాటకు నవ్వొచ్చింది. రెండో మాటకు నవ్వు రాలేదు. తప్పు నాది. ఎక్కాలు చెప్పకుండా ఆల్జీబ్రా చేతికిచ్చినట్టయింది. నిజానికి ఈ సంగీతాన్ని ఒక రూపానికి తెచ్చినవాళ్లలో చాలామంది మనసుంటోళ్లే. మెట్టు మెట్టుగా ఏది ముందు వినాలో, ఏది తర్వాత వినాలో ఈసారి సరిగ్గా చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ తమ్ముడు అడిగిన రెండు ప్రశ్నలకూ ఇందులో జవాబుంది.

ముందు మొదటి ప్రశ్న. తీగ మీటితే, తోలు కొడితే, గొట్టంలో గాలి ఊదితే పుట్టే చప్పుడు మామూలు సంగీతం. కరెంటు నుంచే చప్పుడు పుట్టించి దాన్ని మలిచేది ఎలక్ట్రానిక్ సంగీతం. ఇందులో ముఖ్యంగా నాలుగు యంత్రాలున్నాయి. కరెంటు అలల నుంచి స్వరం పుట్టించేది సింథసైజర్. దరువు వేసేది డ్రమ్ మిషను. ఏ స్వరం తర్వాత ఏ స్వరం రావాలో గుర్తుపెట్టుకుని అలసిపోకుండా మళ్లీ మళ్లీ వాయించేది సీక్వెన్సర్. బయటి చప్పుడును, అది కుక్క అరుపైనా సరే, రికార్డు చేసుకుని మీట నొక్కినప్పుడల్లా వినిపించేది శాంప్లర్. ఇప్పుడు ఈ నాలుగూ ఒక్క సెల్‌ఫోన్‌లో ఇమిడిపోయాయి. కాబట్టి డీజే ఎలక్ట్రానిక్ సంగీతంలో ఒక కొమ్మ మాత్రమే, చెట్టంతా అదే కాదు.

మనం దీన్ని ఎప్పుడో విన్నాం, పేరు తెలియక విన్నాం. 1986లో కృష్ణ గారి ‘సింహాసనం’కు బప్పీ లహరి సంగీతం చేసినప్పుడు విన్నాం. అదే ఏడు ఇళయరాజా తమిళంలో ‘పున్నగై మన్నన్’కు కంప్యూటర్ సీక్వెన్సర్ వాడారు. రాజ్-కోటి పాటల్లో కీబోర్డుల మోత విన్నాం. ఆ రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రవాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో ‘ప్యాడ్స్’ అని పుల్లలతో కొట్టే పలక ఉంటుంది కదా, అది జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఆక్టోప్యాడ్‌కు వారసురాలు. ఈ రోలాండ్ పేరు గుర్తుంచుకోండి, ముందు ముందు చాలాసార్లు వస్తుంది.

మరి ఆ తమ్ముడికి ఫ్యాను చప్పుడులా ఎందుకు వినిపించింది? పాట కోసం ఎదురుచూశాడు కాబట్టి. పల్లవి వస్తుంది, చరణం వస్తుంది, మధ్యలో బిట్టు వస్తుందని మన చెవి కాచుకుని ఉంటుంది. ఈ సంగీతంలో చాలాసార్లు అవేవీ రావు. ఇక్కడ చెవికి పనికొచ్చే చదువు సినిమా పాటలో కంటే డప్పులో ఎక్కువ దొరుకుతుంది. బోనాల ఊరేగింపులో డప్పు గంటసేపు మోగుతుంది. పాట లేదు, మాట లేదు. అయినా ఎవరికీ విసుగు రాదు. ఒకే దెబ్బ మీద దెబ్బ పడుతుండగా నెమ్మదిగా లోపల ఏదో మారుతుంది. కుడిచేతి చిర్ర బరువుగా పడుతుంటే ఎడమచేతి సిటికెన పుల్ల మధ్య మధ్య చిటపటలాడిస్తుంది. ఊరేగింపు బొడ్రాయి దగ్గరికి రాగానే దరువు మారుతుంది, నిలబడ్డవాడి కాలు తనంతట తాను లేస్తుంది. చిర్ర వేసేదాన్ని వీళ్ల భాషలో కిక్కు, బేసు అనుకోండి. సిటికెన పుల్ల వేసేదాన్ని హై-హ్యాట్ అనుకోండి. వాన ముసురుకు తోలు మెత్తబడితే మంట దగ్గర కాచి శ్రుతికి తెస్తారు. సింథసైజర్ మీద మరలు తిప్పేవాడు చేసేది కూడా అదే పని, కాకపోతే వాడికి గడ్డి మంట అక్కర్లేదు.

అందుకని వినేటప్పుడు “పాటెప్పుడొస్తది” అనుకోకండి. “ఇప్పుడేం మారింది?” అనుకుంటూ వినండి. ఇంకో మాట, సెల్‌ఫోన్ స్పీకరులో వింటే సగం సంగీతం పోతుంది. బేసు ఆ చిన్న స్పీకరులోంచి రాదు. వంద, రెండు వందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్లయినా పరవాలేదు. సౌండు మాత్రం సగానికి కాస్త అటూ ఇటూ ఉంచండి. చెవి ఒకసారి చెడితే మళ్లీ రాదు.

మొదటి మెట్టుగా నేను చెప్పే ఆల్బమ్ మీకు తెలిసిందే. 1994లో వచ్చిన ‘ప్రేమికుడు’. ప్రభుదేవా డాన్సు చూడకుండా, ఒకసారి పాట మాటలు పట్టించుకోకుండా, కింద నడిచే బేసు ఒక్కటే పట్టుకుని వినండి. రెండోసారి దరువు ఒక్కటే వినండి. తెలిసిన పాటలోనే తెలియని పాట ఇంకోటి దొరుకుతుంది. ఈ కసరత్తు రెండు రోజులు చేస్తే చాలు, మిగతా దారి సులభం.

రెండో మెట్టు చరణ్‌జిత్ సింగ్. ఈయన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బొంబాయి సినిమా పాటల రికార్డింగుల్లో వాయించే కళాకారుడాయన, తెర వెనక మనిషి. 1980ల మొదట్లో రోలాండ్ కంపెనీ కొత్తగా తెచ్చిన మూడు యంత్రాలు కొన్నాడు. టీబీ-303 అనే బేసు పెట్టె, టీఆర్-808 అనే డ్రమ్ మిషను, జూపిటర్-8 అనే సింథసైజర్. అప్పుడంతా డిస్కో కాలం. డిస్కో దరువు మీద మన రాగాలు వాయిస్తే ఎట్లుంటుందని 1982లో పది రాగాలు రికార్డు చేశాడు. ఆల్బమ్ పేరు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. గ్రామఫోన్ కంపెనీ వేసింది. ఎవరూ పెద్దగా కొనలేదు, అందరూ మరిచిపోయారు.

సరిగ్గా ఆ టీబీ-303 గతి కూడా అంతే అయింది. గిటారు వాయించేవాడికి తోడుగా బేసు వాయించి పెడుతుందని రోలాండ్ దాన్ని తయారు చేసింది. చప్పుడు బేసు గిటారులా లేదని జనం కొనలేదు. సుమారు పదివేలు తయారు చేసి 1984లో ఆపేసింది. దుకాణాల్లో సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా పడి ఉన్న దాన్ని అమెరికాలోని చికాగోలో నల్లజాతి కుర్రాళ్లు కొనుక్కుని, మరలు ఇష్టమొచ్చినట్టు తిప్పితే పిల్లి గీకినట్టు, నీళ్లు మరిగినట్టు వింత చప్పుడు వచ్చింది. 1987లో ‘ఫ్యూచర్’ అనే బృందం ఆ చప్పుడుతో ‘యాసిడ్ ట్రాక్స్’ రికార్డు తెచ్చింది. దాంతో యాసిడ్ హౌస్ అనే ఒక శాఖే పుట్టి యూరప్ అంతా ఊగిపోయింది. 2010లో హాలండ్‌కు చెందిన ఒక చిన్న సంస్థ చరణ్‌జిత్ సింగ్ రికార్డును మళ్లీ విడుదల చేసినప్పుడు ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. చికాగో వాళ్ల కంటే ఐదేళ్ల ముందే అదే యంత్రం మీద అలాంటి చప్పుడే బొంబాయిలో చేసి పెట్టి ఉంది! అప్పటికి పెద్దాయన డెబ్భై ఏళ్లకు చేరువలో ఉన్నాడు. విదేశాల్లో కచేరీలు చేసి, 2015లో కన్నుమూశాడు. చికాగో వాళ్లు ఆయన్ని విని నేర్చుకోలేదు, ఆయనకు చికాగో సంగతి తెలియదు. ఒకే యంత్రం రెండు చోట్ల రెండు చేతుల్లో పడింది, అంతే. పాలమూరు నుంచి మన తాతలు, తండ్రులు బస్సులెక్కి పోయి కట్టిన బొంబాయిలోనే ఇది జరిగింది కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అందులో భూపాలి వినండి, అది మన మోహన రాగం. మాల్కౌన్స్ వినండి, అది మన హిందోళం. చెవికి చుట్టం దొరికినట్టుంటుంది.

మూడో మెట్టు జర్మనీ. డ్యూసెల్‌డార్ఫ్ పట్టణానికి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం లేకుండా ఈ చరిత్ర లేదు. ఆ పేరుకు కరెంటు కేంద్రం అని అర్థం. 1974లో వచ్చిన ‘ఆటోబాన్’ ఆల్బమ్‌లో ఒక వైపంతా ఒక్కటే పాట, ఇరవై రెండు నిమిషాలకు పైన. ఆటోబాన్ అంటే వాళ్ల హైవే. దీన్ని గదిలో కూర్చుని వినొద్దు. హైదరాబాద్ పోయే బస్సులో కిటికీ సీటు దొరికినప్పుడు వినండి. నార్కట్‌పల్లి దాటాక మొదలుపెడితే చౌటుప్పల్ రాకముందే అయిపోతుంది. రోడ్డు, గాలి, ఎదురొచ్చే లారీల ఊపు అన్నీ అందులో ఉన్నాయి. 1977 నాటి ‘ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్’ రైలు మీద చేసింది. పాలమూరు తమ్ముళ్లు కాచిగూడ నుంచి రైలెక్కినప్పుడు షాద్‌నగర్, జడ్చర్ల మధ్య దాన్ని పెట్టుకుంటే కింద చక్రాలు వేసే దరువుకూ చెవిలో దరువుకూ తేడా తెలియదు. 1981లో ‘కంప్యూటర్ వరల్డ్’ వచ్చింది. లెక్కల మిషను మీద, అంకెల మీద పాటలు. ఇప్పటి పిల్లలకు వింత లేదు గాని, మామూలు ఇళ్లలో కంప్యూటరు లేని కాలంలో చేసినవని గుర్తుంచుకుని వినాలి. నన్నడిగితే ఒక్కటే వినే ఓపిక ఉంటే ఇదే వినమంటాను. కురచగా, శుభ్రంగా, ఒక్క చప్పుడు కూడా ఎక్కువ లేకుండా ఉంటుంది.

ఇప్పుడు ఆ తమ్ముడు అన్న రెండో మాట దగ్గరికి వస్తాను.

అమెరికాలో డెట్రాయిట్ అని కార్ల ఫ్యాక్టరీల నగరం ఉంది. దక్షిణాది పొలాల నుంచి నల్లజాతి కుటుంబాలు వలస పోయి అక్కడ కార్ల కంపెనీల్లో కూలికి కుదిరాయి. 1970లు, 80లు వచ్చేసరికి ఫ్యాక్టరీలు మూతపడడం, మనుషుల చోట యంత్రాలు రావడం మొదలైంది. ఆ రోజుల్లో రేడియోలో ‘ఎలక్ట్రిఫైయింగ్ మోజో’ అనే పేరుతో ముఖం చూపించని ఒక అనౌన్సరు రాత్రిపూట క్రాఫ్ట్‌వెర్క్ రికార్డులు వేసేవాడు. డెట్రాయిట్ పక్కన బెల్‌విల్ అనే చిన్న ఊరి హైస్కూల్లో చదివిన ముగ్గురు నల్లజాతి స్నేహితులు అవి విన్నారు. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. తండ్రుల తరం పనులను ఊడగొట్టిన యంత్రాల జాతికే చెందిన యంత్రాలను వీళ్లు చేతిలోకి తీసుకుని, దాంతో మనిషి గుండె కొట్టుకునే సంగీతం చేశారు. దాని పేరే టెక్నో. ఆట్కిన్స్, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన రిక్ డేవిస్ కలిసి ‘సైబోట్రాన్’ పేరుతో 1983లో తెచ్చిన ‘ఎంటర్’ ఆల్బమ్ వినండి. తర్వాత 1988లో ఇంగ్లండులో విడుదలైన ‘టెక్నో! ది న్యూ డాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్’ అనే సంకలనం వినండి. టెక్నో అనే మాట ప్రపంచానికి తెలిసింది ఆ సంకలనంతోనే.

చికాగో కథ ఇంకా కోపం తెప్పిస్తుంది. 1979 జులై 12న అక్కడి బేస్‌బాల్ మైదానంలో ఒక రేడియో అనౌన్సరు ఒక కార్యక్రమం పెట్టాడు. ఒక డిస్కో రికార్డు తెచ్చినవాళ్లకు 98 సెంట్లకే టికెట్టు. తెచ్చిన రికార్డులన్నీ పెట్టెలో పోసి మైదానం మధ్య బాంబు పెట్టి పేల్చారు. వేలమంది మైదానంలోకి దూకి తగలబెట్టారు. డిస్కో అంటే ఎక్కువగా నల్లవాళ్ల సంగీతం. ఆ రోజు అక్కడ సీట్లు చూపించే పనికి పోయిన విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు చూసిందేమిటంటే, జనం తెచ్చిన వాటిలో చాలా వరకు డిస్కో కూడా కాదు, నల్లవాళ్లు పాడినవి అంతే. ఆ కుర్రవాడే ఐదేళ్లకు, 1984లో, జెస్సీ సాండర్స్‌తో కలిసి ‘ఆన్ అండ్ ఆన్’ చేశాడు. హౌస్ సంగీతంలో అచ్చయిన తొలి రికార్డుల్లో అదొకటి. అదే ఊళ్లో ‘వేర్‌హౌస్’ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ రికార్డులు వేసేవాడు. ఆ క్లబ్బు పేరులోంచే హౌస్ అనే మాట వచ్చింది. హౌస్‌కు ఆల్బమ్ వెతకడం దండగ, అది విడి రికార్డుల సంగీతం. లారీ హర్డ్ ‘మిస్టర్ ఫింగర్స్’ పేరుతో 1986లో తెచ్చిన ‘కెన్ యు ఫీల్ ఇట్’ ఒక్కటి వినండి. ఇద్దరు ముగ్గురు పనివాళ్లు పొద్దుగూకినాక చేతులు కడుక్కుని ప్రశాంతంగా కూర్చున్నట్టుంటుంది.

డప్పు వాయించే ఇంట్లో పుట్టినవాడికి ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. పెళ్లికి, చావుకు, జాతరకు డప్పు లేనిదే గడవదు, కాని కొట్టినవాణ్ని మాత్రం వాకిలి బయటే నిలబెడతారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు ఊరికి పోయి నాయనతో పాటు డప్పు కొట్టాను. బడి తెరిచాక మా తరగతిలో ఒకడు రెండు పెన్నులతో బల్ల మీద ఆ దరువే వేసి నన్ను చూసి నవ్వాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు పుల్ల ముట్టలేదు. 1994లో దండోరా ఉద్యమం మొదలై డప్పును భుజాన వేసుకుని రోడ్డెక్కిన తర్వాత, తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు మోగిన తర్వాత మన పిల్లల్లో ఆ సిగ్గు కొంత తగ్గింది. డెట్రాయిట్ రికార్డులు మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బల్ల మీది పెన్నుల చప్పుడు. అది మంచి దరువే. కొట్టినవాడికి సరిగ్గా రాలేదు, అంతే.

నాలుగో మెట్టుకు జమైకా పోదాం. ఇది కొలతకు చిన్న ద్వీపం. అక్కడి కింగ్‌స్టన్‌లో పేదల వాడల్లో బీరువాలంత స్పీకరు బాక్సులు వీధిలో పేర్చి రాత్రంతా పాటలు వేసేవాళ్లు. మన బరాత్‌లో డీసీఎం వ్యాను మీద పేర్చిన బాక్సులకు వాటిని పెదనాన్నలు అనుకోవచ్చు. ఆ ఊళ్లో కింగ్ టబ్బీ అని రేడియోలు, కరెంటు సామాన్లు బాగుచేసే మెకానిక్ ఉండేవాడు. పాటలో గొంతు తీసేసి, బేసు, డ్రమ్ములు మిగిల్చి, వాటిని ప్రతిధ్వనిలో ముంచి తేల్చేవాడు. మిక్సింగ్ పెట్టెనే వాద్యంలా వాయించాడు. దీన్నే డబ్ అంటారు. ఈనాటి రీమిక్సులన్నిటికీ అదే తొలి పాఠం. 1976 నాటి ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ వినండి. అగస్టస్ పాబ్లో నోటితో ఊదే చిన్న మెలోడికా అందులో బాగుంటుంది. ఇది పూర్తి ఎలక్ట్రానిక్ కాదని పండితులు అభ్యంతరం చెప్పొచ్చు. చెప్పనివ్వండి.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు మిగతావి ఏ వరసలో విన్నా పరవాలేదు. 1997లో పారిస్ కుర్రాళ్లిద్దరు డాఫ్ట్ పంక్ పేరుతో పడకగదిలో చేసిన ‘హోంవర్క్’ బాగుంటుంది, పేరు చూసి భయపడకండి. అందులో ‘టీచర్స్’ అనే పాటలో చికాగో, డెట్రాయిట్ గురువుల పేర్లు వరసగా చెప్పి దండం పెట్టుకున్నారు. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతం నుంచి వచ్చిన ఏఫెక్స్ ట్విన్ 1992లో తెచ్చిన ‘సెలెక్టెడ్ యాంబియెంట్ వర్క్స్ 85-92’ లో చాలా పాటలు కుర్రతనంలో క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్నవే. పరీక్షల రోజుల్లో చదువుకుంటూ వినడానికి బ్రయన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ (1978) పెట్టుకోండి, నాలుగే పాటలు, నిద్ర చెడగొట్టవు. నాకైతే ఒక్కోసారి నిద్ర తెప్పించాయి, కాబట్టి లెక్కల పరీక్షకు ముందు రోజు వద్దు.

లండన్‌లోని ఆసియన్ డబ్ ఫౌండేషన్ గురించి ఒక మాట. 1993లో ఏషియా పిల్లలకు సంగీత యంత్రాలు నేర్పే ఒక శిక్షణ తరగతిలో పాఠం చెప్పిన టీచరు, నేర్చుకున్న కుర్రవాడు కలిసి పెట్టిన బృందమిది. వాళ్ల 1998 ఆల్బమ్ ‘రఫీస్ రివెంజ్’ లో ‘నక్సలైట్’ అనే పేరుతో ఒక పాటే ఉంది. సాయుధ పోరాటం కథలు వింటూ పెరిగిన నల్లగొండ పిల్లలకు లండన్ నుంచి ఆ పేరు వినిపిస్తే ఎలా ఉంటుందో విని చూడండి.

చెల్లెళ్లు ఇది మగపిల్లల వ్యవహారం అనుకోవద్దు. డీలియా డెర్బీషైర్ అనే ఆమె గణితం, సంగీతం చదివి 1959లో లండన్‌లో ఒక పెద్ద రికార్డు కంపెనీకి ఉద్యోగానికి పోతే, స్టూడియోల్లో ఆడవాళ్లను పెట్టుకోమని చెప్పి పంపించారు. తర్వాత బీబీసీలో చేరి 1963లో ‘డాక్టర్ హూ’ టీవీ సీరియల్‌కు, ఒక్కో స్వరాన్ని టేపు మీద రికార్డు చేసి, కత్తిరించి, అతికించి సంగీతం తయారు చేసింది. ఆమె పేరు అప్పట్లో తెర మీద వేయలేదు. ‘వైట్ నాయిస్’ బృందంతో ఆమె పనిచేసిన ‘యాన్ ఎలక్ట్రిక్ స్టార్మ్’ (1969) వినొచ్చు, కొంచెం భయపెడుతుంది. మన దేశంలోనూ అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో మూగ్ సింథసైజర్ పెట్టారు. పఖావజ్ వాయించే గీతా సారాభాయ్ అక్కడ పనిచేసిన వాళ్లలో ఒకరు. ఆ టేపులు దాదాపు అర్ధశతాబ్దం బీరువాలో ఉండి 2023లో ‘ది ఎన్ఐడీ టేప్స్’ పేరుతో బయటికి వచ్చాయి. నిజం చెప్పాలంటే వినడానికి కష్టమైనవే, చివర్లో పెట్టుకోండి. అంత పెద్ద యంత్రం అంత పెద్ద సంస్థ గోడల మధ్యే ఉండిపోయింది, చికాగోలో పారేసిన పెట్టె మాత్రం లోకమంతా తిరిగింది.

ఇంత పొగిడాక మనకు సంబంధించిన ఒక చేదు సంగతి దాచిపెట్టలేను. మన ఊళ్లలో డీజే వచ్చి డప్పు బేరాలు పడగొట్టింది. ఒకప్పుడు పెళ్లికి పది డప్పులు పిలిచేవాళ్లు, ఇప్పుడు పూజ వరకు రెండు పిలిచి బరాత్‌కు డీజే పెడుతున్నారు. మా నాయన ఈ సంగీతం గురించి నేను చెప్పేదంతా విని, “మంచిగనే ఉన్నది గని, నా కూలి గింజలు వాడు తిన్నడు గదరా” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇది మనకొక్కరికే వచ్చిన బాధ కాదు. 1982లో ఇంగ్లండులో సంగీతకారుల యూనియన్ లండన్ శాఖ సింథసైజర్లు, డ్రమ్ మిషన్లను నిషేధించాలని తీర్మానమే చేసింది. మద్రాసులో కీబోర్డులు వచ్చాక ఎందరో వయొలిన్ కళాకారులకు పని తగ్గింది. మరోవైపు మోత కూడా హద్దు దాటింది. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టములను పోలీసులు నిషేధించారు. ముసలివాళ్ల గుండె అదిరేలా పెట్టడం సంగీతం కాదని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ బాక్సుల్లో మోగే తీన్మార్ ఎవరిది? యూట్యూబులో డీజే పేరు, పక్కన ఊరి పేరు వేసుకుని మన జిల్లాల కుర్రాళ్లు పెట్టే వేలాది మిక్సుల్లో నడిచేది ఆ డప్పు దరువే. ఎవరో ఎక్కడో రికార్డు చేసి అమ్మిన డప్పు చప్పుడును వీళ్లు కాపీ చేసి వాడుకుంటున్నారు, అసలు వాయించినవాడి పేరు ఉండదు, పైసా రాదు. నాకు నచ్చనిది యంత్రం కాదు, ఇది.

అందుకే ఈ జాబితాలో చివరి ఆల్బమ్ ఇంకా తయారు కాలేదు. ఆ తమ్ముడికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. ముందు ‘ప్రేమికుడు’, తర్వాత చరణ్‌జిత్ సింగ్, క్రాఫ్ట్‌వెర్క్, డెట్రాయిట్, టబ్బీ, ఈ వరస విను. ఆ తర్వాత సెల్లులో బ్యాండ్‌ల్యాబ్ లాంటి ఉచిత యాప్ ఒకటి వేసుకో. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ పెద్దబాపును అడిగి ఆయన డప్పు రికార్డు చేసుకో. ఒక దెబ్బ విడిగా, రెండు దెబ్బలు విడిగా, సిటికెన పుల్ల విడిగా, తీన్మార్ ఒక నిమిషం ఆగకుండా. ఫైలు పేరు దగ్గర ఆయన పేరు, ఊరి పేరు, తారీకు రాయి. మిక్సు ఎక్కడ పెట్టినా ఆ పేరు ముందు వెయ్యి, పైసలొస్తే ఆయన వంతు ఆయనకియ్యి. ఫోనును డప్పుకు మరీ దగ్గర పెట్టకు, చప్పుడు పగులుతుంది, రెండు మూడు గజాల దూరం చాలు. గోడలున్న గదిలో కంటే చెట్టు కింద బాగొస్తుంది.

“అన్నా, వానకాలం గదా, డప్పు మెత్తగ పలుకుతదేమో” అన్నాడు.

వరిగడ్డి రెండు మోపులు పొడిది దాచిపెట్టమని చెప్పాను.